తడి డేరా

శుక్రవారం ఏడింటికి కూతుర్ని హాలు గుమ్మంలో దింపి
కారులోనే కూర్చునేవాణ్ణి, ఇంజను ఆపకుండా.
డొనెగల్ వాన అద్దం మీద అడ్డంగా నడిచేది.
చేపల గోడౌన్‌లో పొద్దంతా మంచు మోసినవాడికి
గంటన్నర ఎవరూ పిలవకపోవడం
చిన్న సుఖం కాదు.

మూడోవారం ఎవరో అద్దం మీద గోళ్లతో తట్టారు.
డెర్వ్‌లా. పగలు మందుల షాపు, రాత్రి ఈ పిల్లలు.
ముక్కు చివర వానచుక్క వేలాడుతుండగానే అడిగింది:
"బంగాళాదుంపల తొక్క తీయడం వచ్చా?"
వచ్చన్నాను.
నోరు జారడమంటే అదే.

ఇక్కడ జీతం ఎవరికీ లేదు.
ఆ సంగతి ఆర్నెల్ల దాకా నాకు తెలియదు.
యూనిఫాం చూసి
ఎక్కణ్ణుంచో పంపిన ఉద్యోగులనుకున్నాను.
ఫింటన్ పోస్టుమాన్‌గా రిటైరయ్యాడు.
బిస్కెట్ల డబ్బాలో చందా చిల్లర లెక్కపెడతాడు,
ఒక యూరో తగ్గితే మళ్లీ మొదటినుంచి,
అప్పటికీ తగ్గితే తన జేబులోంచి.
ఆ జేబు సంగతి మాత్రం పద్దు పుస్తకంలోకి ఎక్కదు.

గోడకు ఒక కాగితం. నెలంతా గళ్లు.
తాళంచెవి ఎవరి వంతు, టీ ఎవరి వంతు,
పడవల పక్కన మోకాలి లోతు చలినీళ్లలో
నిలబడే వంతు ఎవరిది.
ఖాళీ గడి ఎదుట తల్లులం తండ్రులం అందరం
ఒక్కసారిగా బూట్ల లేసులు పరీక్షించుకునేవాళ్లం.
డెర్వ్‌లా ఏమీ అనేది కాదు.
పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడేది, అంతే.
మౌనం అర్ధాంగీకారమని
ఆమెకు ఎవరు నేర్పారో!

కజిమిర్‌కి మా భాష సగమే వచ్చు, వెల్డింగ్ పూర్తిగా వచ్చు.
పడవల బండి విరిగిన శనివారం
అతను మాట్లాడిందంతా నిప్పురవ్వలే.
ఓషీన్ వాళ్లమ్మ రాదు. రాలేదు.
రెండు ఉద్యోగాలు, ఒక్కతే మనిషి.
ఆమె పేరుకి గడి గీయరు.
కేకు మాత్రం వస్తుంది, ఎవరూ చూడకముందే,
మెట్టు మీదికి, తువ్వాలు కప్పుకుని.

మే నెల క్యాంపు నుంచి తడిసి ముద్దయి వచ్చాం.
తడి డేరా మడిచి పెడితే బూజు పడుతుంది,
ఇంటికొకటి పట్టుకెళ్లి ఆరబెట్టాలి.
అదీ మా రాజ్యాంగం. మిగతావన్నీ సవరణలే.
నా వంతుకొచ్చింది పెద్దది, ఎనిమిది మంది పట్టేది.
మేడ మెట్ల కమ్మీ మీంచి కిందికి జారవిడిచాను.
వారం రోజులు ఆ పచ్చగుడ్డ కింద నడుం వంచి
వంటింట్లోకి, స్నానానికి, పడకకి.
ఇల్లంతా గడ్డి వాసన, పొగ వాసన,
ఏ పిల్లాడిదో సాక్సు వాసన.
దాని కిందే కూర్చుని లెక్కలు చేసుకుంది ఓర్లా,
"నాన్నా, వాన బయట పడుతోందా, లోపలా?" అంటూ.

మరుసటేడు మానేసింది.
పద్నాలుగేళ్లు. ఇప్పుడు డ్రమ్ములట.
స్కార్ఫు మడతపెట్టి నా చేతిలో పెట్టింది
గడువు దాటిన లైబ్రరీ పుస్తకంలా.
సరే అన్నాను.

శుక్రవారం ఏడింటికి కారు హాలు వైపే తిరిగింది.
గడిలో నా పేరుంది మరి.
నేనే రాశానో, ఆవిడే రాసిందో.
లోపల నా పిల్ల లేదు.
ఇరవైముగ్గురున్నారు.
ఓషీన్‌కి ముడి పడటం లేదు,
తాడు తెచ్చి నా ముందు విసిరేశాడు.
నేను వేసి చూపించాను, తప్పుగా.
కావాలని కాదు.
వాడు విప్పి, నిట్టూర్చి, సరిగ్గా వేశాడు.

నిన్న వానలో ఒక కారు. ఇంజను ఆగలేదు.
లోపల ఎవరో కొత్త తండ్రి,
సీటు వెనక్కి వాల్చుకుని, కళ్లు మూసుకుని.
ఆ సుఖం నాకు తెలుసు.
తెలిసీ వెళ్లి తట్టాను.
అద్దం సగం దిగింది.
ఏమడగాలో అప్పటిదాకా అనుకోలేదు.

"మీ ఇంట్లో," అన్నాను, "మేడ మెట్లున్నాయా?"